సరళరేఖకు సమీకరణం: రెనె డెకార్టె

మధురలో తిరుమల నాయకుడు ఏలుతున్న కాలమది. విజయనగర కాలం నుండి దక్షిణాదికి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు మధుర, కోయంబత్తూరు సీమలలో స్థిరపడి, మాతృభాషను ఇంట నిలుపుకొంటున్న రోజులవి. అప్పుడే, 1637లో, హాలెండు దేశపు లైడెన్ నగరంలో ఒక ఫ్రెంచి గ్రంథం రచయిత పేరు లేకుండా వెలువడింది. దానిని రచించినవారు రెనె డెకార్టె.

ఆయన 1596 మార్చి 31న ఫ్రాన్సులో జన్మించారు. మరుసటి ఏడే తల్లి మరణించింది. లా ఫ్లెష్ విద్యాలయంలో చదివి, 1616లో న్యాయశాస్త్ర పట్టం పొందారు. 1618లో సైనికునిగా బ్రెడా నగరంలో ఉండగా ఐజాక్ బేక్‌మన్ పరిచయమయ్యారు. డెకార్టెలో గణితాసక్తిని రగిల్చిన ఆ మిత్రుడు తరువాత ఒక పాఠశాలకు అధిపతి అయ్యారు.

నాటి పండిత భాష లాటిన్. అది రాని సామాన్యులకు సైతం తన ఆలోచనలు అందాలని డెకార్టె మాతృభాషలో వ్రాశారు. ఆ గ్రంథానికి అనుబంధమైన జ్యామితి భాగంలో వక్రరేఖలను బీజగణిత సమీకరణాలతో వివరించారు. అవ్యక్త రాశులకు ఎక్స్, వై వంటి చివరి అక్షరాలను వాడినదీ అందులోనే. ఇంచుమించు అదే కాలంలో పియెర్ ద ఫెర్మా, మొదటి ఘాత సమీకరణం సరళరేఖను సూచిస్తుందని స్వతంత్రంగా కనుగొన్నారు. ఆయన రచన 1679లో గాని అచ్చు కాలేదు.

ఆ బీజం నుండి పెరిగినదే నేటి తరగతి పాఠం. గ్రాఫు కాగితంపై ఒక సరళరేఖ వై-అక్షాన్ని 2 వద్ద ఖండించిందనుకొందాం. అది అంతరఖండం. కుడికి ఒక గడి జరిగినప్పుడల్లా రేఖ మూడు గడులు పైకి పోతే, వాలు 3. అనగా ఎక్స్‌ను మూడింతలు చేసి రెండు కలిపితే వై లభిస్తుంది. అదే ఆ రేఖకు సమీకరణం. రేఖపై ఏ బిందువైనా ఆ నియమాన్ని దాటదు.

అయితే, మాతృభాషలో వ్రాసినా డెకార్టె జ్యామితి కఠినమైనదే. అనేక మెట్లను ఆయన పాఠకులకే వదిలివేశారు. లైడెన్ గణితాచార్యుడు వాన్ స్కూటెన్ 1649లో వ్యాఖ్యానంతో లాటిన్‌లోకి అనువదించిన పిమ్మటనే అది విరివిగా వ్యాపించింది. మరుసటి ఏడు, 1650 ఫిబ్రవరి 11న, స్వీడన్ రాణికి పాఠాలు చెప్పడానికి వెళ్లిన డెకార్టె స్టాక్‌హోమ్‌లో కన్నుమూశారు.

మాతృభాష విద్యకు వాకిలి తెరుస్తుంది. చేయి పట్టి లోనికి నడిపించేవాడు ఉపాధ్యాయుడు. తమిళనాట తెలుగులో గణితం నేర్చిన ప్రతి విద్యార్థికీ ఈ రెండింటి విలువ తెలుసు.