గోదావరి గట్టున బొమ్మలు గీసిన దామెర్ల

సత్తుపల్లి: భద్రాచలంలో మనం మునిగే గోదావరే పాపికొండలు దాటి రాజమండ్రి చేరుతుంది. చిత్రకారుడు దామెర్ల రామారావు 1897లో అక్కడే జన్మించారు. మనవైపు ఆయన పేరు విన్నవారు తక్కువే.

చిన్ననాటి నుంచీ ఆయన ధ్యాస పాఠాల కన్నా బొమ్మల మీదే. అక్కడి ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఓస్వాల్డ్ కూల్డ్రే దొర స్వయంగా చిత్రకారుడు. కుర్రవాడిలోని పనితనాన్ని కనిపెట్టి చేరదీశారు. గురుశిష్యులిద్దరూ కాగితాలు, పెన్సిళ్లు పట్టుకుని గోదావరి గట్టు వెంట షికారుగా తిరుగుతూ కంటబడినదల్లా గీసేవారు. దొర పక్కన తెలుగు కుర్రాడు సరిసమానంగా కూర్చుని బొమ్మలు వేయడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

1916లో కూల్డ్రే పూనికతో రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చేరారు. చదువు ముగిశాక సొంత ఊరికే వచ్చి పాఠశాల పెట్టారు. తూర్పు కనుమల నడుమ గోదావరిని చిత్రించారు. 1922లో కలకత్తా ప్రదర్శనలో ఋష్యశృంగుని చిత్రానికి వైస్రాయి బహుమతి లభించింది.

1925 ఫిబ్రవరి 6న మశూచి ఆయనను బలిగొంది. అప్పటికి 28 ఏళ్లయినా నిండలేదు. 1980 నాటికి ప్రపంచంలోనే లేకుండా పోయిన జబ్బు అది! భార్య సత్యవాణి కూడా చిత్రకారిణే. మిత్రుడు వరదా వెంకటరత్నం ఆ బొమ్మలు చెల్లాచెదరు కాకుండా కాపాడారు. రాజమండ్రిలో దామెర్ల పేరిట వెలసిన చిత్రశాలలో వాటిని చూడవచ్చు.