శివుడి చెవిలో చెప్పమన్న క్రైస్తవ కవి: గుర్రం జాషువా

పోయిన వీడియో కింద ఇబ్రహీంపట్నం నుంచి ఒక తమ్ముడు అడిగాడు: మనల్ని నమ్మించి మోసం చేసినవాళ్లతో ఎలా ఉండాలి, భక్తుడన్నాక ఊరుకోవాల్సిందేనా అని. జవాబుగా ఈసారి ఒక క్రైస్తవుడి కథ చెప్తాం. మన చానెల్‌లో ఇదేంటి అనుకోకండి, ఆయన మొర పెట్టుకున్నది కాశీ విశ్వనాథుడికే.

సీతమ్మను ఎత్తుకుపోయారన్న వార్త రాముడు విన్న కొండ కాబట్టి వినుకొండ అయ్యిందని స్థలపురాణం. ఆ ఊళ్లోనే 1895 సెప్టెంబర్ 28న గుర్రం జాషువా పుట్టారు. తండ్రి వీరయ్య గారు యాదవులు, తల్లి లింగమ్మ గారు మాదిగలు, ఇద్దరూ క్రైస్తవంలో ఉన్నారు. మతం మారినా ఊళ్లో కులం మాత్రం మారలేదు, పిల్లాడికి అంటరానితనం తప్పలేదు. పెద్దయ్యాక రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ, మాటలు చదివే పని చేశారు. తర్వాత గుంటూరులో పంతులు ఉద్యోగం.

ఆయనకు పద్యాలంటే ప్రాణం, పురాణాలంటే ఇష్టం. అక్కడే చిక్కొచ్చింది. సభలో పద్యం చదివితే ఇతన్ని ఎవరు రానిచ్చారని కొందరు లేచేవారు. హిందూ దేవుళ్ల మీద రాస్తున్నాడని క్రైస్తవ పెద్దలకూ కోపం వచ్చింది. ఒక సంస్థానాధీశుడైతే రైల్లో ఆయన పద్యాలు విని తెగ మెచ్చుకుని, కులం తెలిశాక మొహం తిప్పుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. తిట్టినవాణ్ణి మర్చిపోవచ్చేమో. మెచ్చుకుని మొహం తిప్పుకున్నవాడిని మర్చిపోవడం కష్టం.

మోసం మీద ఆయన ముందే ఒక కావ్యం రాశారు. 1932లో వచ్చిన ఫిరదౌసి. బంగారు నాణేలిస్తానని పారశీక కవితో మహాకావ్యం రాయించుకున్న గజనీ సుల్తాను, తీరా పని అయ్యాక వెండి చేతిలో పెడతాడు. రాజును నమ్మి ఏళ్లకేళ్లు ధారపోసిన కవి గుండె పగిలిపోతుంది. ఆ కవి బాధ చదువుతుంటే జాషువా గారి సొంత బాధేనేమో అనిపిస్తుంది.

1941లో గబ్బిలం వచ్చింది. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడు ప్రియురాలికి మేఘంతో కబురు పంపుతాడు కదా. ఇక్కడ కబురు పంపేది ఆకలితో ఉన్న ఒక అంటరానివాడు. హంసా మేఘమూ అతని మాట వింటాయా? గుడిసెలోకి గబ్బిలం వచ్చింది, దాంతోనే పంపుతాడు. ఇంట్లోకొస్తే అరిష్టమని మనం తరిమేసే ఆ ప్రాణి, అతను అడుగు పెట్టలేని గర్భగుడిలో హాయిగా తలకిందులుగా వేలాడుతుంది! పూజారి లేని సమయం చూసి, శివుడి చెవి దగ్గర తన గోడు చెప్పమంటాడు.

ఆ గోడులో అసలు ఆరోపణ మోసం గురించే. నీ కర్మ ఇంతే అని చెప్పి నోరు మూయించి, తన కష్టార్జితం స్వార్థపరులు తింటున్నారని అంటాడు. కర్మ సిద్ధాంతాన్ని మనం వీడియోల్లో ఎంత గొప్పగా చెప్తాం! అదే మాటతో ఇంకొకడి అన్నం లాక్కోవచ్చని ఆయన చూపించారు. రాతి బొమ్మల పెళ్లికి వేలు ఖర్చుపెట్టేవాళ్లు పేదవాడి ఖాళీ గిన్నెలో మెతుకు వేయరనీ అన్నారు. ఏటా శ్రీరామనవమి కళ్యాణం లైవ్ పెట్టే మాకు ఈ మాట గుచ్చుకుంటుంది. గుచ్చుకోవాలి కూడా.

ఆయన శాంతమూర్తి అని మేం చెప్పం. నాలుగు వర్ణాల సమాజాన్ని నాలుగు పడగల పాముతో పోల్చారు, అంత కోపం. కానీ ఆ కోపంలో ఊరుకోలేదు, అబద్ధమాడలేదు, తనకు జరిగినట్టు ఇంకొకరికి చేయలేదు. జరిగింది జరిగినట్టు పేరు పెట్టి చెప్పారు. తనను బయట నిలబెట్టిన గుడిలోని దేవుడిని మాత్రం, ఆ గుడికి తాళం వేసినవాళ్లతో కలిపి చూడలేదు. మాకు అన్నిటికన్నా కష్టంగా కనిపించేది ఇదే. పూజారి మీద కోపంతో శివుణ్ణి వదిలేసినవాళ్లు మనలోనే ఎంతమంది లేరు?

తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు అప్పటికి తెలుగు పద్యానికి పెద్ద దిక్కు. ఆ శతావధాని, బ్రాహ్మణుడు, జాషువా గారి కాలికి తన చేత్తో గండపెండేరం తొడిగి, ఆ పాదం తాకడం తన అదృష్టమన్నారు. తనకు దక్కిన సత్కారాల్లో అదే గొప్పదని జాషువా గారు అనుకున్నారు.

శివుడికి మొర పంపిన చేత్తోనే క్రీస్తు చరిత్ర రాశారు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, అదే ఏడాది శాసనమండలి సభ్యుడయ్యారు. 1970లో పద్మభూషణ్. 1971 జూలై 24న గుంటూరులో కన్నుమూశారు.

సత్య హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను పద్యాలు మీరు వినే ఉంటారు, కనీసం తాతయ్య ఫోన్లోనైనా. అక్కడ పాడేవాటిలో కొన్ని జాషువా గారివే. శ్మశానం మీద ఆయన విడిగా రాసుకున్న పద్యాలను నటులు నాటకంలో కలిపేసుకున్నారు. ఈ రాత్రికి ఒకసారి పెట్టుకుని వినండి.