గోదావరి నీళ్ళు మోసిన అమ్మ

పిల్లలూ! మన జగదల్‌పూర్ పక్కనే పారే ఇంద్రావతి, బస్తరు అడవులు దాటి భద్రకాళి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నీళ్ళే పాపికొండల నడుమ నుంచి రాజమండ్రి చేరతాయి. అక్కడ గోదావరిలో బిందె ముంచి, ఇంటికి నీళ్ళు మోసుకున్న ఒక ఇల్లాలి కథ చెబుతాను.

ఆమె కందుకూరి రాజ్యలక్ష్మమ్మ గారు. పుట్టింటి పేరు బాపమ్మ. 1861లో వీరేశలింగం గారితో పెళ్ళయింది. అప్పటికి ఆయనకు 13 ఏళ్ళు. నాలుగో ఏటనే తండ్రిని పోగొట్టుకుని, పెదతండ్రి వెంకటరత్నం గారి చేతుల్లో పెరిగిన పిల్లవాడు ఆయన. తరువాత బడిపంతులయ్యారు. కోరంగిలో కొంతకాలం, ధవళేశ్వరంలో కొంతకాలం, ఆపైన రాజమండ్రిలో పనిచేశారు. మీ ఇళ్ళలాగే ఉద్యోగం వెంట ఊళ్ళు మారిన సంసారం వారిది.

ఆ రోజుల్లో ఏడెనిమిదేళ్ళ పసిపిల్లలకు కూడా పెళ్ళిళ్ళు చేసేవారు. భర్త చనిపోతే ఆ పిల్ల బతుకంతా ఇంట్లో ఒక మూలనే గడిచిపోయేది. అలాంటి పిల్లలకు మళ్ళీ పెళ్ళి చేయాలని పంతులు గారు నడుం కట్టారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మలకు మొదటి వితంతు వివాహం జరిపించారు.

ఊరు మండిపడింది. పంతులు గారిని వెలివేశారు. వంటవాళ్ళు రానన్నారు. నీళ్ళు మోసేవాళ్ళు మానేశారు. పెళ్ళికి వచ్చినవారిలోనూ కొందరు భయపడి ప్రాయశ్చిత్తం చేసుకున్నారు. దగ్గరి బంధువులే గడప తొక్కడం మానేశారు. అప్పుడు రాజ్యలక్ష్మమ్మ గారు భర్తను విడిచి పుట్టింటికి వెళ్ళలేదు. తానే బిందె ఎత్తుకుని గోదావరికి వెళ్ళి నీళ్ళు తెచ్చారు. పెళ్ళివారందరికీ తానే వండి వడ్డించారు.

ఒక్కసారి ఆలోచించండి. భర్తకు ఉపన్యాసం ఇవ్వడానికి వేదిక ఉంది, రాయడానికి పత్రిక ఉంది. వీధిలో నడుస్తూ, రేవులో తోటి ఆడవాళ్ళ చూపులు భరిస్తూ, ఆ వెలిని రోజూ మోసింది మాత్రం ఆమె. ఆమె ఆ ఒక్క బిందె దించేసి ఉంటే పంతులు గారి పని ఎంతదూరం సాగేదో!

ఆ దంపతులకు పిల్లలు లేరు. అయినా వారి ఇల్లు ఎప్పుడూ నిండుగానే ఉండేది. పుట్టింటివారూ అత్తింటివారూ వద్దనుకున్న వితంతు బాలికలు అక్కడికి చేరేవారు. వారికి అన్నం పెట్టి, చదువు చెప్పించి, పెళ్ళిళ్ళు చేసి పంపిన తల్లి రాజ్యలక్ష్మమ్మ గారే. మద్రాసులో కాపురం ఉన్న రోజుల్లోనూ ఈ పని ఆగలేదు. చివరికి తమ ఆస్తిని కూడా హితకారిణి సమాజానికి రాసిచ్చారు.

1910లో ఆమె కన్నుమూశారు. దాదాపు అర్ధశతాబ్దం తోడున్న మనిషి లేకుండా పంతులు గారు మరో తొమ్మిదేళ్ళు బతికి, 1919 మే 27న మద్రాసులో మరణించారు.

రక్తసంబంధం ఉన్నవారు తలుపులు వేసుకున్నప్పుడు, ఆ ఇద్దరూ ఒకరికొకరు బలమయ్యారు. ఎవరూ లేని పిల్లలకు కుటుంబమయ్యారు. బదిలీ మీద కొత్త ఊరికి వచ్చిన మొదటిరోజు, సామాను ఇంకా విప్పకముందే పక్క క్వార్టరు నుంచి మంచినీళ్ళ బిందె తెచ్చి ఇచ్చిన చేతులు నాకు తెలుసు. మీకూ తెలిసే ఉంటాయి. మీ పక్క ఇంటికి రేపు కొత్తవారు దిగితే, ఆ బిందె ఈసారి మీరు తీసుకెళ్ళండి.