మూసా రహీము తోపులు

పరంగి యనిన ఐరోపావాడు. ఫిరంగి యనిన తోపు. రెండు మాటలకును మూలమొక్కటియే. తెలుగువారి మనస్సులో ఆ రెండును నేటికిని పూర్తిగా విడివడలేదు. వరాహనది యొడ్డున లక్కబొమ్మలకు పేరుగన్న ఏటికొప్పాక మొదలు బొబ్బిలి వరకు గల సీమయంతయు, 1753లో నిజాము సలాబత్ జంగు ఫ్రెంచివారి కిచ్చిన ఉత్తర సర్కారులలోనిది. 1757 జనవరిలో బొబ్బిలికోటపై మ్రోగిన బుస్సీ తోపులను ఆ సీమవారు మరువలేదు. ఆ బుస్సీ వార్ధక్యమున అతనికి సహాయోద్యోగిగా నుండి, పిమ్మట హైదరాబాదు చేరి, అచ్చటనే తోపులు పోతపోయించిన ఫ్రెంచివాడు మరియొకడు కలడు. అతడు మిషెల్ జోకిం మరీ రేమండ్. బుస్సీని తలచినపుడు మనవారు తాండ్ర పాపారాయనికై కన్నీరు పెట్టుదురు. రేమండును మాత్రము హైదరాబాదు ప్రజలు తమవానిగా నెంచుకొనిరి. ఈ భేదమునకు కారణము అతని జీవితమునందే కలదు.

రేమండ్ 1755 సెప్టెంబరు 25న ఫ్రాన్సు దేశమున గాస్కనీ సీమలోని సెరిన్యాక్ గ్రామమున ఒక వర్తకుని కుమారుడుగా జన్మించెను. ఇరువది యేండ్ల ప్రాయమున, 1775లో, వ్యాపారమునకై పుదుచ్చేరికి వచ్చెను. అచ్చట త్రాసు విడిచి కత్తి పట్టెను. కొంతకాలము మైసూరు కొలువులో ఫ్రెంచి పటాలముతో పనిచేసి, 1783లో బుస్సీవద్ద కప్తాను హోదాతో నిలిచెను. 1785లో బుస్సీ మరణించెను. మరుసటి యేట రేమండ్ నిజాము అలీఖాను కొలువున చేరెను.

అతని తొలి దండు మూడువందల మంది మాత్రమే. వారి తుపాకులు సైతము సొంతము కావు. ఒక ఫ్రెంచి వర్తకునివద్ద తుపాకి యొక్కింటికి నెలకు ఎనిమిది అణాల చొప్పున అద్దెకు తెచ్చినవని చెప్పుదురు. అద్దె తుపాకితో కాపాడబడు రాజ్యము ఇచ్చువాని దయపై నిలుచును. ఈ సత్యము రేమండునకు తొలినాళ్లలోనే బోధపడియుండవలెను. తరువాతి యతని కృషియంతయు ఆ యద్దె బాకీని తీర్చుకొనుటయే.

హైదరాబాదులో ఫతేమైదాను సమీపమున మందమైన గోడలతో నిలిచియున్న కట్టడమును జనులు తోపుల సాంచా యందురు. అది 1786 నాటిదనియు, రేమండ్ నెలకొల్పిన కార్ఖానా యనియు ప్రసిద్ధి. తోపులను, తుపాకులను, గుండ్లను అచ్చట తయారుచేసెడివారు. ఆ పేట నేటికిని గన్‌ఫౌండ్రీ యను పేరనే చెలామణి యగుచున్నది.

ఆనాటి తోపులను మూతినుండియే నింపవలెను. ముందుగా మందు దట్టించి, గుండు దూర్చి, గజముతో బిగించి, వెనుకనున్న చెవిలో రంజకము పోసి, మండుచున్న వత్తి తాకింపవలెను. ఆ క్షణమున గొట్టములో పుట్టు ఒత్తిడికి పోత యినుము ఒక్కొక్కప్పుడు ఆనవాలు చూపకయే పగిలి, ప్రక్కనున్న గోలందాజులనే చంపెడిది. ఇత్తడి తోపులని వాడుకలో పిలువబడినవానిలో పెక్కులు నిజమునకు కంచువి. సుమారు తొమ్మిది పాళ్లు రాగి, ఒక పాలు తగరము కలిపి మట్టి మూసలలో పోసెడివారు. కంచు తుప్పు పట్టదు; చెడునపుడు పగులుటకు ముందు ఉబ్బి హెచ్చరిక చేయును; పాతబడినపుడు కరగించి మరల పోయవచ్చును. వెల యధికమగుటయు, ఎడతెగక కాల్చినచో వేడికి మెత్తబడుటయు దాని లోపములు.

1795 మార్చిలో ఖర్దావద్ద నిజాము సేనలు మరాఠులతో తలపడినవి. ఆంగ్లేయులు తటస్థులమని తప్పుకొనిరి. రేమండ్ దండు నిలిచి పోరాడినను, నిజాము వెనుకకు మరలుటచే గెలుపు మరాఠుల దయ్యెను. ఆ యేటనే నిజాము కుమారుడు అలీజా తిరుగుబాటు చేయగా, రేమండ్ అతనిని పట్టి అణచెను. ఈ రెండు పరీక్షలచే నిజామునకు అతనిపై నమ్మకము పెరిగెను. దండు క్రమముగా సుమారు పదునాలుగు వేలకు పెరిగెను. వారి జెండా ఫ్రెంచి గణతంత్రపు మూడు రంగుల జెండా; గుండీలపై స్వేచ్ఛాచిహ్నమైన టోపీ ముద్ర. కలకత్తాలోని ఆంగ్లేయులకు ఇది కంటిలో నలుసయ్యెను.

1798 మార్చి 25న రేమండ్ నలుబది రెండేండ్లకే మరణించెను. విషప్రయోగమన్న వదంతి పుట్టినది గాని, దానికి నిరూపణ లేదు. అతని స్థానమునకు వచ్చిన పీరాన్‌కు ఆ పలుకుబడి లేకపోయెను. సెప్టెంబరు 1న నిజాము ఆంగ్లేయులతో సంధి చేసికొని, ఫ్రెంచి దండును రద్దుచేయుటకు అంగీకరించెను. అక్టోబరు 22న ఆంగ్లేయ సేనలు ఆ దండును చుట్టుముట్టినవి. జీతపు బాకీలకై సిపాయీలు తమ దొరలపైననే తిరుగబడియుండిరి. ఒక్క గుండు పేలకయే వేలాది సైనికులు ఆయుధములు క్రింద పెట్టిరి. పండ్రెండేండ్ల శ్రమ ఒక్క దినమున ముగిసెను. మరుసటి మే నెలలో శ్రీరంగపట్నము కూలినపుడు నిజాము సేన ఆంగ్లేయుల పక్షముననే యుండెను.

రేమండ్ తోపులు నిజాము స్వాతంత్ర్యమును కాపాడలేకపోయినవి. కంచు చెడిపోయి కాదు; ఆ దండును కట్టియుంచినది ఒక్కని మాటయే యగుటచేత. అయినను అతడు నిష్ఫలుడు కాలేదు. ముసల్మానులు అతనిని మూసా రహీమనియు, హిందువులు మూసారాముడనియు పిలిచికొనిరి. ముసారాంబాగ్ ఆ పేర వెలసినదే. మలకుపేట కావల ఆస్మాన్‌గఢ్ కొండపై అతని సమాధిగా నల్లరాతి స్తంభము నిలిచియున్నది. ప్రక్కనున్న మంటపము ఈ శతాబ్ది తొలియేండ్లలో కూలగా మరల కట్టిరి. చిరకాలము అతని వర్ధంతినాడు ఇరుమతముల వారును ఆ కొండయెక్కి ధూపము వేసెడివారు.