బెలూన్ ఎక్కి నోబెల్ తెచ్చిన లెక్చరర్

ఒకసారి అరచెయ్యి చాచండి. సెకనుకు ఒకటో రెండో కణాలు అందులోంచి దూసుకుపోతుంటాయి. నొప్పి ఉండదు, చప్పుడు ఉండదు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు పైనున్న గాలిని ఢీకొట్టినప్పుడు పుట్టే కణాలివి. ఈ కిరణాలు పైనుంచి వస్తున్నాయని కొలిచి చూపించినవారు ఆస్ట్రియా శాస్త్రవేత్త విక్టర్ ఫ్రాంజ్ హెస్. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ఆయన పేరు ఒక బిట్ ప్రశ్న, అంతే. కానీ ఆ కెరియర్‌లో అనుకున్న చోటు చేజారడం ఉంది, చిన్న ఉద్యోగంతో సర్దుకోవడం ఉంది, 55 ఏళ్ల వయసులో అన్నీ పోగొట్టుకుని మళ్లీ మొదలుపెట్టడం కూడా ఉంది.

మొదటి ప్లానే తప్పింది

హెస్ 1883 జూన్ 24న ఆస్ట్రియాలోని స్టిరియా ప్రాంతంలో పుట్టారు. తండ్రి ఒక జమీందారీ అడవులు చూసుకునే అధికారి. స్కూలు, యూనివర్సిటీ చదువు అంతా గ్రాజ్ పట్టణంలోనే సాగింది. చదువయ్యాక బెర్లిన్ వెళ్లి, పేరున్న ప్రొఫెసర్ పాల్ డ్రూడ్ దగ్గర కాంతి మీద పరిశోధన చేయాలనుకున్నారు. ఇక బయల్దేరడమే తరువాయి అనగా, 1906లో డ్రూడ్ చనిపోయారు. దాంతో ఆ దారి మూసుకుపోయింది.

హెస్ వియన్నా చేరారు. అక్కడ అప్పుడు అందరి నోటా రేడియోధార్మికత మాటే. తాను అనుకున్న సబ్జెక్టు కాకపోయినా అందులోకి దిగారు. జీతం కోసం 1908 నుంచి పశువైద్య కాలేజీలో ఫిజిక్స్ చెప్పారు. 1910లో వియన్నాలో కొత్తగా తెరిచిన రేడియం పరిశోధన సంస్థలో స్టెఫాన్ మేయర్‌కు అసిస్టెంట్‌గా చేరారు. ఆయన్ని ప్రపంచానికి పరిచయం చేసిన పని ఆ అసిస్టెంట్ ఉద్యోగంలో ఉండగా చేసిందే.

అందరికీ తెలిసిన చిక్కు

ఇంటర్ ఫిజిక్స్‌లో బంగారు రేకుల ఎలక్ట్రోస్కోప్ గుర్తుందా? చార్జ్ ఇస్తే రేకులు విడిపోతాయి. గాలి కరెంటును పోనివ్వదు కాబట్టి అవి అలాగే ఉండాలి. కానీ ఎంత గట్టిగా మూసి పెట్టినా చార్జ్ మెల్లమెల్లగా తగ్గిపోయేది. ఏదో రేడియేషన్ గాలిని అయనీకరిస్తోందన్నమాట. అది భూమిలోని రేడియోధార్మిక పదార్థాల నుంచి వస్తోందని చాలామంది నమ్మారు.

ఆ నమ్మకానికి ఎదురు తిరిగే లెక్కలు అప్పటికే కొన్ని ఉన్నాయి. 1910లో థియోడార్ వుల్ఫ్ తన పరికరాన్ని ప్యారిస్‌లోని ఈఫిల్ టవర్ మీదికి తీసుకెళ్లారు. సుమారు 300 మీటర్ల ఎత్తులో రేడియేషన్ బాగా తగ్గిపోవాలి. తగ్గింది కానీ అనుకున్నంత కాదు. స్విట్జర్లాండ్‌కు చెందిన గోకెల్ బెలూన్‌లో 4,000 మీటర్లు దాటి వెళ్లినా తిరుగులేని సమాధానం రాలేదు. ఇటలీలో పచినీ పరికరాన్ని సముద్రంలో ముంచి చూస్తే రేడియేషన్ తగ్గింది. అంటే కొంతైనా పైనుంచే వస్తూ ఉండాలి. ఇన్ని ఆధారాలున్నా ఎవరూ గట్టిగా తేల్చలేకపోయారు.

ఎగరడానికి ముందు హోంవర్క్

హెస్ వెంటనే బెలూన్ ఎక్కలేదు. ముందు నేలమీదే ఒక లెక్క తేల్చుకున్నారు. బలమైన రేడియం ముక్కను దూరదూరంగా పెట్టి, దాని గామా కిరణాలు గాలిలో ఎంత దూరానికి ఎంత తగ్గుతాయో కొలిచారు. భూమి నుంచి వచ్చే కిరణాలు 500 మీటర్ల ఎత్తుకు దాదాపు లేకుండా పోవాలని తేలింది.

తర్వాత పరికరం మీద దృష్టి పెట్టారు. ఎత్తుకు వెళ్లేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది. పెట్టె ఏమాత్రం లీకైనా కొలత తప్పుతుంది. అందుకే మందం గోడలతో, లోపలి ఒత్తిడి మారకుండా సీల్ చేసిన వుల్ఫ్ పరికరాలు తయారు చేయించుకున్నారు. ఒకటి మొరాయిస్తే ఎలా అని ఒకేసారి మూడు పట్టుకెళ్లారు. ఆయన్ని ముందువాళ్ల నుంచి వేరు చేసింది ఈ జాగ్రత్తే.

1911లో రెండుసార్లు, 1912లో ఏడుసార్లు ఎగిరారు. కొన్ని ప్రయాణాలు రాత్రిపూట చేశారు. 1912 ఏప్రిల్ 17న సూర్యగ్రహణం వేళ గాల్లోనే ఉన్నారు. చంద్రుడు అడ్డొచ్చినా రేడియేషన్ తగ్గలేదు. అంటే మూలం సూర్యుడు కాదు.

అసలు పరీక్ష 1912 ఆగస్టు 7న జరిగింది. ప్రస్తుతం చెక్ దేశంలో ఉన్న ఆసిగ్ పట్టణం నుంచి తెల్లవారాక హైడ్రోజన్ బెలూన్ లేచింది. అందులో పైలట్, వాతావరణం చూసే మనిషి, హెస్ ముగ్గురే. బుట్ట పైకప్పు లేనిది. వెంట ఆక్సిజన్ ఉన్నా పలచటి గాలిలో నీరసం కమ్ముకొస్తుంది. అయినా పరికరాల రీడింగులు రాస్తూనే ఉన్నారు. బెలూన్ 5,350 మీటర్ల దాకా వెళ్లింది. మధ్యాహ్నానికి బెర్లిన్‌కు 50 కిలోమీటర్ల దూరంలో దిగారు.

రీడింగులు చెప్పిన కథ ఇది. మొదటి వెయ్యి మీటర్లలో రేడియేషన్ కొంచెం తగ్గింది. ఆపై పెరగడం మొదలైంది. ఐదు కిలోమీటర్ల ఎత్తులో నేలమీద కంటే సుమారు రెట్టింపైంది. చాలా చొచ్చుకుపోయే శక్తి ఉన్న కిరణాలేవో పైనుంచి వాతావరణంలోకి వస్తున్నాయని హెస్ ప్రకటించారు. అప్పటికి ఆయన వయసు 29.

24 ఏళ్ల వెయిటింగ్

ప్రకటించగానే అందరూ ఒప్పేసుకోలేదు. 1913, 14లలో జర్మనీకి చెందిన కోల్‌హోర్‌స్టర్ 9 కిలోమీటర్ల పైకి వెళ్లి అదే ఫలితం సాధించారు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. అమెరికాలో పేరుమోసిన రాబర్ట్ మిల్లికన్ మొదట అనుమానించారు. తర్వాత సొంతంగా కొలిచి, నిజమేనని ఒప్పుకుని, 1925లో కాస్మిక్ కిరణాలు అని పేరు పెట్టారు. అక్కడి పత్రికలైతే వాటిని మిల్లికన్ కిరణాలని రాశాయి.

ఈలోగా హెస్ ఖాళీగా కూర్చోలేదు. 1921 నుంచి 1923 వరకు అమెరికాలోని న్యూజెర్సీలో ఒక రేడియం కంపెనీ ల్యాబ్‌ను నడిపారు. తిరిగొచ్చి గ్రాజ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. 1931లో ఇన్‌స్‌బ్రుక్ వెళ్లి, దగ్గర్లోని హాఫెలెకార్ కొండ మీద 2,300 మీటర్ల ఎత్తులో కాస్మిక్ కిరణాల కేంద్రం పెట్టారు. ఏళ్ల తరబడి రేడియంతో పనిచేసినందుకు శరీరం మూల్యం చెల్లించింది. 1934లో ఒక బొటనవేలు తీసేయాల్సి వచ్చింది.

1936లో నోబెల్ వచ్చింది. కాస్మిక్ కిరణాల్లోనే పాజిట్రాన్ అనే కొత్త కణాన్ని పట్టుకున్న అమెరికన్ కార్ల్ ఆండర్సన్‌తో పంచుకున్నారు. హెస్ తెరిచిన దారి ఎంత పెద్దదో అర్థమవడానికి ఆండర్సన్ పని కూడా సాయపడింది.

55 ఏళ్లకు మళ్లీ మొదలు

రెండేళ్లు తిరిగేలోపే పరిస్థితి తలకిందులైంది. 1938లో హిట్లర్ జర్మనీ ఆస్ట్రియాను కలిపేసుకుంది. హెస్ నిష్ఠగల కేథలిక్, పాత ప్రభుత్వానికి దగ్గరివారు. పైగా భార్యది యూదు మూలాలున్న కుటుంబం. ప్రొఫెసర్ పదవి ఊడిపోయింది. అరెస్టు తప్పదని తెలిసి దంపతులు స్విట్జర్లాండ్ దాటారు. అక్కడి నుంచి న్యూయార్క్ చేరితే ఫోర్డమ్ యూనివర్సిటీ ఉద్యోగం ఇచ్చింది.

కొత్త దేశం, కొత్త క్లాసురూము. ఆయన మాత్రం పాత పనే చేశారు, అంటే కొలవడం. హిరోషిమా మీద బాంబు పడ్డాక న్యూయార్క్ గాలిలో రేడియోధార్మిక ధూళి ఉందేమోనని ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మీది నుంచి పరీక్షించారు. గ్రానైట్ నుంచి ఎంత రేడియేషన్ వస్తుందో చూడటానికి భూగర్భ రైలు స్టేషన్‌లోకి దిగారు. 1944లో అమెరికా పౌరుడయ్యారు. 1964 డిసెంబర్ 17న కన్నుమూశారు.

ఆ ప్రశ్న ఇంకా ఉంది

1991లో అమెరికాలోని ఉటాలో నమోదైన ఒక కాస్మిక్ కణం శక్తి, గంటకు 90 కిలోమీటర్ల వేగంతో స్పిన్నర్ వేసిన క్రికెట్ బంతికి ఉన్నంత. ఒకే ఒక్క కణంలో అంత శక్తి! అలాంటివి ఎక్కడ పుడుతున్నాయో నేటికీ తేలలేదు. వాటి కోసమే అర్జెంటీనాలో 3,000 చదరపు కిలోమీటర్ల మేర డిటెక్టర్లు పరిచారు. మన దేశంలో ఊటీలోని గ్రేప్స్-3 కేంద్రం కాస్మిక్ కిరణాలను గమనిస్తోంది. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర టాటా సంస్థ టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం ఉంది. పొలాల్లో తెల్లటి బెలూన్, పెట్టె కనబడితే ముట్టుకోవద్దన్న ప్రకటనలు పేపర్లో వచ్చేది ఆ ప్రయోగాలప్పుడే.

ఈ రంగంలో ఫిజిక్స్ వాళ్లకే కాదు, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్స్, మెకానికల్ వాళ్లకూ పని ఉంటుంది. డిటెక్టర్ కట్టాలి, డేటా వడపోయాలి. ఆసక్తి ఉన్న ఎమ్మెస్సీ, బీటెక్ విద్యార్థులు జెస్ట్, టీఐఎఫ్ఆర్ ప్రవేశ పరీక్షల మీద ఒక కన్నేయండి. కోరుకున్న సీటు, మొదటి ఆఫర్ తప్పిపోయినా కంగారు పడకండి. డ్రూడ్ దగ్గర చోటు దొరికి ఉంటే హెస్ బహుశా కాంతి మీదే పనిచేసేవారు, ఆ బెలూన్ ఎక్కేవారే కాదు.