గాయాలు చూడగోరిన తోమా – చిగురించిన సిలువ

యేసుప్రభువు శిష్యుడైన తోమాను మనం అనుమానపు తోమాగానే గుర్తుంచుకున్నాం. కానీ లాజరు మరణించాక ప్రభువు యూదయకు బయలుదేరినప్పుడు, అక్కడ ప్రాణాపాయముందని తెలిసీ, ఆయనతో కలిసి చావడానికైనా వెళ్దామని తోటి శిష్యులను పురికొల్పింది ఈ తోమాయే!

పునరుత్థాన దినాన ప్రభువు శిష్యులకు కనిపించినప్పుడు తోమా అక్కడ లేడు. మేకుల గుర్తులు చూసి, గాయాల్లో వేలు ఉంచితే తప్ప నమ్మనన్నాడు. అయినా శిష్యులు అతణ్ని వెలివేయలేదు. ఎనిమిది రోజుల తర్వాత అతడు వారి మధ్యే ఉన్నాడు. ప్రభువు తన గాయాలను అతని ముందుంచాడు. తోమా వాటిని ముట్టుకున్నాడని సువార్తలో లేదు. యేసును తన ప్రభువుగా, దేవునిగా ఒప్పుకున్నాడని మాత్రం ఉంది.

ఆ తోమా క్రీ.శ. 52లో కేరళ తీరానికి వచ్చాడని, 72లో మైలాపూర్ దగ్గర హతసాక్షి అయ్యాడని మన దేశ క్రైస్తవుల పరంపర చెబుతోంది. చెన్నైలో ఆయన పేరుతోనే ఉన్న సెయింట్ థామస్ మౌంట్ మీద 1547లో పోర్చుగీసువారు పునాదులు తవ్వుతుండగా ఒక రాతి సిలువ బయటపడింది. దాన్ని తోమాయే చెక్కాడని నమ్మేవారున్నారు. అయితే దానిమీది పర్షియా దేశపు పహ్లవీ లిపిని బట్టి అది 7–9 శతాబ్దాల నాటిదని పండితులు అంటారు. అంటే తోమా తర్వాత ఎన్నో తరాలకు ఆ విశ్వాసాన్ని మోసినవారి పని అది. రెండు స్తంభాలు, వాటిపై మకరాలు, ఆ మకరాల మీద తోరణం – మన దేశపు శిల్ప సంప్రదాయమే. తోరణం కింద సిలువ. దాని చివర్లలో మొగ్గలు, అడుగున ఇరువైపులా ఆకులు, పైన దిగివస్తున్న పావురం. క్రీస్తు శరీరం లేదు, మేకుల గుర్తూ లేదు. గాయాలు చూడగోరిన అపొస్తలుని పేరు మోస్తున్న కొండ మీద దొరికింది గాయాల్లేని, చిగురించిన సిలువ!

గజ్వేల్ ప్రాంతంలోని మన సమాధుల మీదా సిలువలున్నాయి. అయినవాళ్లను అక్కడ పాతిపెట్టి వచ్చాక, దేవుడెందుకిలా చేశాడని అడిగేవారు ప్రతి సంఘంలోనూ ఉంటారు. వారికి విశ్వాసం లేదని మనం తొందరపడి తీర్పు తీరుస్తాం. తోమా కోసం ప్రభువు ఎనిమిది రోజులు ఆగాడు. వారికోసం మనమూ ఆగుదాం, మన మధ్య వారి చోటు వారికి ఉంచుదాం.