అలీఆగా వాహిద్
అలీఆగా వాహిద్ (1895 - 1965) అజర్‌బైజాన్‌కు చెందిన సుప్రసిద్ధ గజల్ కవి, మెయ్‌ఖానా ఆశుకవి. ఇంటిపేరు ఇస్కెందెరోవ్, వాహిద్ అన్నది కలంపేరు. బాకూ ప్రాంతంలోని ఒక వడ్రంగి కుటుంబంలో జన్మించి, చిన్నతనంలో తండ్రి వెంట ఆ పనే చేశాడు.

బాకూ చుట్టుపక్కల అబ్షెరాన్ పల్లెల పెళ్ళిళ్ళలో కవులు లయకు తగినట్లు అప్పటికప్పుడు పద్యాలల్లి ఒకరితో ఒకరు పోటీపడే కళను మెయ్‌ఖానా అంటారు. సోవియట్ పాలనలో దీనికి అధికారిక ఆదరణ కరువైంది. పైగా ఆశువుగా చెప్పినది ఎవరూ రాసుకోకపోతే ఆ రాత్రితోనే పోయేది. వాహిద్ పేరును ఎక్కువగా నిలిపినవి ఆయన గజళ్ళు. 16వ శతాబ్దపు మహాకవి ఫుజూలీ బాటలో, అరూజ్ ఛందస్సులో, సామాన్యులకు కూడా అర్థమయ్యే భాషలో ఆయన వీటిని రచించాడు.

అజర్‌బైజాన్ శాస్త్రీయ సంగీతమైన ముఘంలో గాయకులు పాడేది ప్రధానంగా గజళ్ళనే. గజల్ చివరి ద్విపదలో కవి తన పేరు చెప్పుకోవడం ఆనవాయితీ. త్యాగరాజ కీర్తనలలోని ముద్ర వంటిదే ఇది. అందువలన వాహిద్ గజల్‌ను చివరిదాకా పాడిన ప్రతి గాయకుడూ, ప్రత్యేకించి నివాళి అని ప్రకటించకపోయినా, ఆయన పేరు పలికే ముగిస్తాడు.

ఆయన జీవితం ఆధారంగా 1991లో గజల్‌ఖాన్ అనే చలనచిత్రం వచ్చింది. బాకూ పాతనగరమైన ఇచెరిషెహెర్‌లో ఆయన శిరోవిగ్రహం ఉంది. దాని జుట్టులో చిన్నచిన్న మానవాకృతులు మలిచారు.